తల్లి మొక్క తెలిస్తేనే పిల్ల మొక్క
పెరటిలో కండగల ఓషధుల పెంపకం

నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో ఏ వీధిలో నడిచినా గుమ్మానికి తలక్రిందులుగా వేలాడే కలబంద ఒకటైనా కంటబడుతుంది. అమావాస్యనాడు దానిని వేళ్లతో సహా తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, ఇంటికి దిష్టి తగలకుండా కడతారు. మన్ను లేదు, నీరు లేదు, ఎండ పడితే నీడ లేదు. అయినా అది నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఒక్కొక్కసారి ఆ గాలిలోనే కొత్త ఆకు కూడా తొడుగుతుంది.

అదే ఇంటి పెరటిలో అదే కలబందను కుండీలో నాటి, ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీరు పోసి, కంటికి రెప్పలా చూసుకొన్న ఇల్లాలు నెల తిరగకముందే వచ్చి "వైద్యులుగారూ, మొక్క మొదలు కుళ్లిపోయింది, నా చేతి వాటం మంచిది కాదేమో" అని బాధపడుతుంది. అమ్మా, చేతి వాటంలో దోషం లేదు. గుమ్మం మీది మొక్కను ఎవరూ తడపలేదు గనుక అది బ్రతికింది. కుండీలోని మొక్కను ప్రేమతో తడిపి తడిపి చంపుకొన్నాము.

కలబంద, రణపాల, నల్లేరు, తిప్పతీగ, వాము ఆకు అనే ఈ ఐదు ఓషధులూ ఆకులోనో కాండంలోనో నీటిని దాచుకొనే కండగల మొక్కలు. నేటి నర్సరీలవారు ఇటువంటివాటిని సక్యులెంట్లు అంటున్నారు. వీటిని ఇంట్లో పెంచుకోవడానికి విత్తనం అవసరం లేదు. ఒక పిలక, ఒక ఆకు, ఒక కణుపు చాలు. అయితే ఇంత సులభమైన పనిలోనే ఒక పెద్ద ప్రమాదం కూడా దాగి ఉన్నది. ఆ రెండింటినీ కలిపి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నీటిని దాచుకొనే జాతి

మన దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే పడిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలలు నేల బీటలు వారవలసినదే. ఇటువంటి చోట బ్రతకవలసిన మొక్క వాన పడినప్పుడు నీరు త్రాగి, ఒంట్లో దాచుకొని, పొదుపుగా వాడుకోవాలి. కండగల మొక్కల గుణం సరిగ్గా ఇదే.

ఈ పొదుపు ఎలా సాగుతుందో తెలిపే మొదటి ఆధారాలలో ఒకటి మన తెలుగు దేశంతో సంబంధమున్న ఒక వైద్యుని వద్ద లభిస్తుంది. బెంజమిన్ హైన్ అనే జర్మన్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో వృక్షశాస్త్రజ్ఞుడుగా ఉండి, గోదావరి సీమలోని సామర్లకోట తోటలో పనిచేశాడు. ఆయన రణపాల ఆకును వేర్వేరు వేళలలో రుచి చూశాడు. ఉదయం ఆకు పుల్లగా ఉన్నది. మధ్యాహ్నానికి చప్పబడింది. సాయంత్రానికి కొద్దిగా చేదెక్కింది. ఈ సంగతి వ్రాసి పంపిన లేఖ 1815లో లండన్‌లోని లిన్నియన్ సొసైటీ సంచికలో అచ్చయింది. రుచిని బట్టి ద్రవ్యాన్ని తెలుసుకోవడం మన ఆయుర్వేదానికి కొత్త కాదు. ఒక విదేశీ వైద్యుడు అదే మార్గాన నడవడం ముచ్చటైన విషయం.

తరువాతి శాస్త్రజ్ఞులు దీని కారణాన్ని వివరించారు. సాధారణ మొక్కలు పగటిపూట ఆకుల రంధ్రాలు తెరచి గాలిని పీలుస్తాయి. ఆ రంధ్రాల గుండానే వాటి నీరు ఆవిరైపోతుంది. కండగల మొక్కలు పగలు రంధ్రాలు మూసుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తాయి. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఒక ఆమ్లంగా మార్చి దాచుకొంటాయి. తెల్లవారుజామున ఆకు పుల్లగా ఉండటానికి అదే కారణం. పగటి వెలుతురులో ఆ ఆమ్లాన్ని వాడుకొని ఆహారం తయారు చేసుకొంటాయి. అందువల్ల వాటికి నీటి ఖర్చు బహు తక్కువ. ఖర్చు లేని ఇంటికి రోజూ సరుకు పంపితే అది మూలనపడి కుళ్లినట్లే, త్రాగని మొక్కకు రోజూ పోసే నీరు వేళ్ల దగ్గర నిలిచి కుళ్లు తెస్తుంది.

తల్లి లక్షణమే పిల్లకు

విత్తనం నుంచి పుట్టిన మొక్కకు తల్లి గుణం కొంత, తండ్రి గుణం కొంత వస్తుంది. ముక్క నుంచి పుట్టిన మొక్క అలా కాదు. అది తల్లి శరీరంలోని భాగమే. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిని చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. అక్కడ ఎన్ని మానులు కనబడినా అన్నీ ఒకే మర్రి దింపిన ఊడలు. కలబంద పిలక అయినా, తిప్పతీగ ముక్క అయినా అంతే. తల్లి మంచిదైతే పిల్లలన్నీ మంచివి. తల్లి వేరు జాతిదైతే పిల్లలన్నీ వేరు జాతివే.

కొన్నేళ్ల క్రితం మా వైద్యశాలకు ఒక ఉపాధ్యాయ కుటుంబం వచ్చింది. కోడలికి ముఖమంతా దద్దుర్లు, మంట. కలబంద గుజ్జు రాసుకొన్నదట. కలబందకు అంత మంట రాదే అని అనుమానం వచ్చి ఆకు తెప్పించి చూశాను. అది కలబంద కాదు, కిత్తనార. పొలాల గట్ల మీద, రైలు పట్టాల వెంట కంచెగా పెరిగే మొక్క. దాని రసంలో సూదుల వంటి సూక్ష్మ స్ఫటికాలుంటాయి. అవి చర్మానికి గుచ్చుకొని దురద, మంట పుట్టిస్తాయి. అత్తగారు దారి ప్రక్కన ఒక చిన్న పిలక చూసి కలబంద అనుకొని తెచ్చి, ఎంతో శ్రద్ధగా పెంచింది. కోడలి మంట రెండు మూడు రోజులలో తగ్గింది. కాని ఆ పెద్దావిడ ఒక మాట చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. "పిలకలు ఆరు ఇండ్లకు పంచిపెట్టాను. అందులో ఒకామెకు కడుపు నొప్పి, రసం త్రాగమని చెప్పాను కూడా." మరునాడు ఉదయమే ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆరు పిలకలూ వెనక్కు తెచ్చింది. దైవవశాన ఎవరూ త్రాగలేదు.

కిత్తనారకూ కలబందకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. కలబంద ఆకు చేతితో విరిస్తే పుటుక్కున విరుగుతుంది. కోసిన చోట పసుపుపచ్చని చేదు పాలు కారుతాయి. లోపల నార లేని, అద్దం వంటి గుజ్జు ఉంటుంది. అంచు ముళ్లు మెత్తనివి. కిత్తనార ఆకు గట్టిది, అంత సులభంగా విరగదు. చించితే పొడవైన నార పోగులు వస్తాయి. ఆకు కొనలో నల్లని, మేకు వంటి ముల్లు ఉంటుంది.

మా గురువుగారి వద్ద చదువుకొన్న రోజులలో ఒక నియమం ఉండేది. ఏ మొక్కనైనా ముందు నాటి, ఆరు ఋతువులలో దాని రూపం చూసిన తరువాతే మందుకు కోయనిచ్చేవారు. చిగురు, పూత, కాయ, ఆకు రాలడం అన్నీ చూసినవాడికి ఆ మొక్క విషయంలో పొరపాటు జరగదు. అప్పుడు అది కాలయాపన అనిపించింది. ఈ నలభై ఏళ్ల వైద్యంలో దాని విలువ తెలిసింది. కనుక పాఠకులకు నా మొదటి మనవి: పిలక తెచ్చేముందు తల్లి మొక్కను చూడండి. తెలిసిన వైద్యునికో, వృక్షశాస్త్ర అధ్యాపకునికో చూపించి నిర్ధారించుకోండి. రోడ్డు ప్రక్క, మురుగు కాలువ ప్రక్క, పురుగు మందు చల్లే చేను ప్రక్క పెరిగిన తల్లి నుంచి ముక్క తీయవద్దు.

ముందు శోధనం, తరువాత రోపణం

ముక్క కోయడం అంటే మొక్కకు గాయం చేయడమే. వ్రణానికి ముందు శోధనం, అనగా శుద్ధి, తరువాత రోపణం, అనగా మానుదల, అని సుశ్రుతుని సంప్రదాయం. మొక్కకూ ఇదే వరుస.

మొదట పదునైన కత్తిని వేడినీటితో కడిగి తుడిచి, ఒకే వేటుతో కోయాలి. నలిగిన గాయంలో బూజు చేరుతుంది. కోసిన ముక్కను వెంటనే నాటరాదు. గాలి తగిలే నీడలో ఉంచి గాయాన్ని ఆరనివ్వాలి. ఆ రోజులలో కోసిన చోట పైకణాలు ఎండి పలుచని బెరడు వంటి పొర ఏర్పడుతుంది. ఆ పొర తలుపు మూసినట్లు పనిచేస్తుంది. లోపలి రసం బయటకు పోదు, మట్టిలోని బూజు లోనికి రాదు. తరువాత గాయానికి దగ్గరగా కొత్త వేళ్లు పుడతాయి. పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే వేరు పుట్టేలోగానే కుళ్లు పుడుతుంది. కోసిన చోట కొంచెం పసుపు అద్దడం మన ఇండ్లలో ఉన్న మంచి అలవాటు.

మట్టి విషయం. మన చెల్క నేలల ఎర్రమన్ను ఈ మొక్కలకు అనుకూలం. రేగడి మన్ను నీటిని పట్టి ఉంచుతుంది గనుక ఒంటరిగా పనికిరాదు. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చితే చాలు. పచ్చి పేడ వేయరాదు. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. ఆ రంధ్రం మీద గూన పెంకు ముక్కను బోర్లించి, దానిపై చిన్న కంకర పరచి, ఆ పైన మట్టి నింపాలి. ప్లాస్టిక్ డబ్బా కంటే మట్టి కుండీ మేలు. దాని గోడలు తేమను పీల్చి వదులుతాయి. నీరు కారే పాత కుండ కూడా ఈ పనికి చక్కగా ఉపయోగపడుతుంది.

కాలం విషయం. రోహిణి కార్తె ఎండలలో ఏ ముక్కా నాటవద్దు. మృగశిర కార్తె ప్రవేశించి, రెండు వానలు పడి, నేల వేడి తగ్గిన తరువాత మొదలుపెట్టి శరదృతువు ముగిసేదాకా నాటుకోవచ్చు. ముసురు పట్టిన రోజులలో మాత్రం కుండీలను చూరు క్రిందికి జరపాలి. పుష్య, మాఘ మాసాల చలిలో వేళ్లు నెమ్మదిగా వస్తాయి, చావవు. ఓపిక పట్టాలి.

నీరు విషయం. నాటిన తరువాత నాలుగైదు రోజులు నీరు పోయనక్కర లేదు. ఆ తరువాత వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే పోయండి. మామూలు రోజులలో వారానికి ఒకసారి, వేసవిలో రెండుసార్లు సరిపోతుంది. బోరు నీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో కుండీ మట్టి మీద తెల్లని పొర కడుతుంది. అటువంటి చోట డాబా మీద పడిన వాననీటిని పట్టి ఉంచి ఈ మొక్కలకు వాడటం మేలు.

ఐదు మొక్కలు, ఐదు మార్గాలు

మన నిఘంటుకారులు మొక్కకు పెట్టిన పేర్లలోనే దాని పెంపకం రహస్యం తరచుగా ఉంటుంది. పేరు అర్థం తెలిస్తే ఏ భాగం నాటాలో తెలుస్తుంది.

కలబంద. సంస్కృతంలో కుమారి, గృహకన్య. ఇంటి ఆడపిల్ల వంటిదని భావం. చాలామంది దీని ఆకును తెంపి మట్టిలో గుచ్చుతారు. అది కొన్ని వారాలు పచ్చగా ఉండి ఆశపెట్టి, చివరకు కుళ్లిపోతుంది. కలబంద ఆకులో మొలకెత్తే మొగ్గ లేదు. తల్లి మొదట్లో వచ్చే పిలకలే దీని సంతానం. జానెడు ఎత్తు, నాలుగైదు ఆకులు, సొంత వేళ్లు ఉన్న పిలకను తల్లి నుంచి వేరుచేసి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, వేళ్లు మాత్రమే మునిగేటట్లు నాటాలి. ఆకుల నడిమి గుంటలో మన్ను గాని, నీరు గాని పడరాదు. ఏడాది నిండాక వెలుపలి ముదురాకులు మాత్రమే కోసుకోవాలి. వేసవిలో ఆకులు ఎర్రబారితే రోగమనుకోవద్దు. మధ్యాహ్నపు ఎండ తగ్గిస్తే మళ్లీ పచ్చబడతాయి.

వాడకంలో ఒక ముఖ్యమైన జాగ్రత్త. కోసిన ఆకును నిలువుగా పావుగంట ఉంచి పసుపు పాలను పూర్తిగా కారనివ్వాలి. తరువాత చెక్కు తీసి గుజ్జును కడగాలి. ఆ పాలు ఎండితే వచ్చేదే ముసాంబరం. అది తీవ్రమైన విరేచనకారి, గర్భాశయాన్ని ఉద్రేకపరుస్తుంది. అందువల్ల గర్భిణులు, బాలింతలు, అధిక ఋతుస్రావం, మూత్రపిండ వ్యాధి గలవారు కలబందను లోనికి పుచ్చుకోరాదు. అమెరికా ప్రభుత్వం 2002లో కలబంద పాలతో చేసిన విరేచన మందుల భద్రతకు తగిన ఆధారాలు లేవని చీటీ లేని అమ్మకం నుంచి తొలగించింది. మిక్సీలో ఆకు ఆకంతా వేసి రోజూ ఉదయం గ్లాసెడు త్రాగే నేటి అలవాటు మా శాస్త్రం చెప్పినది కాదు.

రణపాల. దీని సంస్కృత నామం పర్ణబీజం, అంటే ఆకే విత్తనం. మడగాస్కర్ ద్వీపం దీని పుట్టిల్లు. మన నేలలో ఇది బాగా స్థిరపడింది. ముదురాకును తెంపి, ఒకరోజు ఆరనిచ్చి, ఇసుక కలిపిన తడి మట్టి మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పూడ్చవద్దు. రెండు వారాలలో ఆకు అంచు నొక్కులలో నుంచి ఆవగింజంత మొలకలు, తెల్లని వేళ్లు పుడతాయి. రెండు అంగుళాలు ఎదిగాక వేరుచేసి నాటుకోవాలి. పిల్లలచేత ఈ పని చేయించండి, వారికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

రణపాల పేరుతో అలంకారపు మొక్కలు కొన్ని చెలామణిలో ఉన్నాయి. రణపాల ఆకు గుండ్రని నొక్కులతో, కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. ముదిరిన మొక్కలో ఒకే కాడకు మూడు నుంచి ఐదు ఆకులుంటాయి. పూలు చిన్న లాంతర్ల వలె క్రిందికి వ్రేలాడతాయి. దీనికి భిన్నంగా, సన్నని పొడవాటి ఆకుతో, మొక్క మీద ఉండగానే అంచునిండా బారులు తీరిన పిల్లలతో కనబడేది వేరు జాతి. ఆ జాతుల్లో గుండెపై పనిచేసే విష పదార్థాలున్నాయి. ఆస్ట్రేలియాలో అవి మేసిన పశువులు చనిపోయాయి. రణపాలలోనూ ఆ తరగతి పదార్థాలు స్వల్పంగా ఉన్నాయి. దెబ్బకు, వాపుకు వెచ్చచేసి పైన కట్టడం వరకు ఇంటి వైద్యం. మూత్రపిండాల్లో రాళ్లకని రోజుకు ఇన్ని ఆకులు నమలడం, ముఖ్యంగా గుండె జబ్బు మందులు వాడేవారు, వైద్యుని పర్యవేక్షణ లేకుండా చేయరాదు.

నల్లేరు. అస్థిశృంఖల, వజ్రవల్లి అని పేర్లు. నాలుగు పలకల కాండం కణుపు కణుపుగా, ఎముకలను గొలుసు కూర్చినట్లుంటుంది. ప్రతి కణుపూ ఒక మొక్క కాగలదు. మూడు కణుపుల ముక్క కోసి, మూడు నాలుగు రోజులు ఆరబెట్టి, అడుగు కణుపు మట్టిలో ఉండేటట్లు నాటి, ప్రక్కన ఒక కర్ర పాతాలి. నల్లేరు మీద బండి నడక అన్న సామెత నడకకే గాక దీని పెంపకానికీ వర్తిస్తుంది. నెల రోజులలో నూలితీగలు చాచి కంచె ఎక్కుతుంది. లేత చెట్టు ప్రక్కన నాటితే దానిని కమ్మేస్తుంది, జాగ్రత్త. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకోవాలి, లేకుంటే దురద పెడుతుంది. పచ్చడికి లేత కాడలు తీసి, నార ఒలిచి, నూనెలో బాగా వేయించి, చింతపండుతో నూరడం అందుకే.

నల్లగొండ వైద్యునిగా ఇక్కడ ఒక విషయం చెప్పక తప్పదు. ఎముకలకు మంచిదని విని, ఫ్లోరైడ్ నీటితో వంగిపోయిన నడుములతో వచ్చి, "నల్లేరు తింటే తగ్గుతుందా" అని అడిగినవారు ఎందరో. విరిగిన ఎముక అతకడంలో నల్లేరుకు పేరున్నది. 1960ల దశకంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. ఉడుప మొదలైనవారు ఎలుకల మీద చేసిన పరిశోధనలు కూడా దానికి బలమిచ్చాయి. కాని విరిగిన ఎముక వేరు, ఫ్లోరైడ్ పేరుకొన్న ఎముక వేరు. పేరుకొన్నదానిని నల్లేరు బయటకు తీస్తుందనడానికి ఆధారం లేదు. ఈ వ్యాధికి మూలం నీరు, రక్షణ కూడా నీరే. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని 1970ల దశకంలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా, దానికి మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అని పేరు వచ్చింది. నల్లేరు పచ్చడి తినండి, కాని శుద్ధమైన నీటిని మానుకొని నల్లేరును నమ్ముకోవద్దు.

తిప్పతీగ. గుడూచి, అమృత. ఛిన్నరుహ అనే పేరు దీని గుణాన్ని చెబుతుంది. ఛేదించినా మొలకెత్తేది అని అర్థం. చెట్టు మీద నుంచి కోసిన తీగ గాలిలోనే దారాల వంటి వేళ్లను క్రిందికి దింపడం చూసే ఉంటారు. పెన్సిలు లావు, జానెడు పొడవు, రెండు మూడు కణుపులు గల ముక్కను ఒక రోజు ఆరనిచ్చి, తీగలో ఏది క్రింది వైపో అదే క్రిందకు వచ్చేటట్లు రెండంగుళాల లోతున నాటాలి. వేప చెట్టు ఉంటే దాని మీదికి పాకించండి. వేపపై పాకిన తిప్పతీగ శ్రేష్ఠమని వైద్యుల సంప్రదాయం. వేసవిలో ఆకులన్నీ రాలుస్తుంది. చచ్చిందని పీకవద్దు, తొలకరికి చిగురిస్తుంది.

దీనికే చక్రలక్షణిక అని మరొక పేరు. కాండాన్ని అడ్డంగా కోస్తే బండి చక్రపు ఆకుల వలె గీతలు కనబడతాయి. కాని ఈ గుర్తు ఒక్కటే చాలదు. దీని దాయాది అయిన టైనోస్పోరా క్రిస్పా అనే తీగ కూడా చూపుకు ఇలాగే ఉంటుంది. అసలు తిప్పతీగ కాండం మీద చిన్న లేత చుక్కలుంటాయి. దాయాది కాండం నిండా పులిపిరుల వంటి బొడిపెలుంటాయి. అటువంటి తీగ నుంచి ముక్క తీయరాదు.

ఈ హెచ్చరికకు కారణం ఉన్నది. 2020 చివరి నెలలలో, కరోనా భయంతో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచుకొన్న కాలంలో, ముంబైలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని అక్కడి వైద్యులు 2021లో ప్రకటించారు. వాడిన మొక్క ఏదో ముందు నిర్ధారించవలసి ఉన్నదని, దాయాది జాతితో పొరపాటు పడి ఉండవచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ అన్నది. 2022లో పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి ప్రకటించిన పరిశీలనలో మాత్రం అసలు తిప్పతీగ వాడినవారిలోనూ కొందరికి కాలేయ వ్యాధి వచ్చినట్లు తేలింది. తన శరీరాన్ని తానే ఎదుర్కొనే స్వభావపు వ్యాధులున్నవారు వారిలో చాలామంది ఉన్నారు. దీనిని నేను మా శాస్త్రానికి అవమానంగా భావించను. ప్రకృతి, బలం, కాలం చూడకుండా ఇచ్చిన ఏ ఔషధమైనా విషమౌతుందని మా పెద్దలే చెప్పారు. కాలేయ వ్యాధి, థైరాయిడ్, కీళ్లవాతం వంటివి ఉన్నవారు వైద్యుని అడగకుండా తిప్పతీగను లోనికి తీసుకోవద్దు. ఎవరికైనా కళ్లు పచ్చబడితే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

వాము ఆకు. దీనినే కర్పూరవల్లి అంటారు. వంటింటి వాము గింజ వేరే మొక్కది. వాసన ఒకటే గనుక ఈ పేరు వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవారు దీనితోనే మొదలుపెట్టవచ్చు. నాలుగంగుళాల కొమ్మ కోసి, క్రింది ఆకులు తీసి, పూట ఆరనిచ్చి నాటితే రెండు వారాలలో నాటుకొంటుంది. ఇది కలబంద అంత మొండిది కాదు, వేసవిలో నీడ, కొంచెం ఎక్కువ తేమ కోరుతుంది. కొనలు గిల్లుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. జలుబుకు ఒకటి రెండు ఆకుల కషాయం, సాయంత్రం బజ్జీలు, ఇంటిల్లిపాదికీ అక్కరకు వచ్చే మొక్క.

ఇక జెముడు జాతి విషయం. ఆకుజెముడును స్నుహి అంటారు. దీని పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూసి తయారు చేసే క్షారసూత్రంతో భగందర వ్యాధికి వైద్యులు చికిత్స చేస్తారు. అది శిక్షణ పొందిన వైద్యుని చేతి పని. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు తిరిగే ఇంట్లో జెముడు కుండీ పెట్టుకోవద్దని నా సలహా.

మొక్క చెప్పే మాట

మొదలు మెత్తబడి గోధుమ రంగుకు వస్తే నీరు ఎక్కువైందని అర్థం. కుండీ నుంచి తీసి, కుళ్లిన భాగమంతా తెల్లని కండ కనబడేదాకా కోసివేసి, వారం రోజులు ఆరబెట్టి మళ్లీ నాటండి. ఆకులు పలుచబడి ముడుచుకొంటే దాహమని అర్థం. మొక్క పొడవుగా సాగి పాలిపోతే వెలుతురు చాలలేదు. ఆకుల సందున దూది వంటి తెల్లని పురుగు కనబడితే తడిగుడ్డతో తుడిచి, వేపనూనె కలిపిన సబ్బు నీరు చిలకరించండి. లోనికి పుచ్చుకొనే ఓషధి మీద రసాయన పురుగు మందు ఎన్నడూ చల్లరాదు.

చివరగా ఒక చిన్న పని ప్రతి ఇంటిలోనూ చేయమని కోరుతున్నాను. ప్రతి కుండీకి ఒక రేకు ముక్క కట్టి, దానిమీద మొక్క పేరు, నాటిన తేదీ, తల్లి ఎవరి ఇంటిదో వ్రాయండి. పొరుగువారికి పిలక ఇచ్చేటప్పుడు ఆ వివరాలు కూడా వ్రాసి ఇవ్వండి. పైపూతకా, లోనికా, ఎవరు వాడరాదో ఒక మాట చెప్పండి. పైన చెప్పిన పెద్దావిడ ఇప్పుడు అలాగే చేస్తున్నది. ఆమె పెరటిలోని నేటి కలబంద తల్లి మా వైద్యశాల ఆవరణలోనిది. మొన్న శ్రావణంలో దాని పిలకలు ఆ ఆరు ఇండ్లకూ మళ్లీ వెళ్లాయి, ఈసారి పేరు చీటీలతో.